రేవుకూ రేవుకూ మధ్య: ఓడ మీద సెమిస్టరు చదవబోయే విద్యార్థులతో

మిత్రులారా,

కొద్ది వారాల్లో మీరు ఓడ ఎక్కబోతున్నారు. దాదాపు వంద రోజుల పాటు మీ తరగతి గది, గ్రంథాలయం, భోజనశాల, పడకగది, వైద్యశాల అన్నీ ఆ ఓడలోనే ఉంటాయి. ఇలాంటి ప్రయాణాల్లో పాఠాలు చెప్పిన అనుభవం ఉన్నందువల్ల మీకు నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. మీలో చాలామంది ఇప్పటికే రేవుల జాబితా ముందు పెట్టుకుని, ఏ రేవులో ఎన్ని రోజులు, ఎక్కడెక్కడికి వెళ్లాలి అని లెక్కలు వేసుకుంటూ ఉంటారు. అది సహజమే. కానీ నేను ఈ రోజు మాట్లాడదలచుకున్నది ప్రధానంగా రేవుకూ రేవుకూ మధ్య గడిచే రోజుల గురించి. ఈ సెమిస్టరులో చదువు జరిగేది ఆ రోజుల్లోనే. ఓడను ఒక రేవు నుంచి ఇంకో రేవుకు చేర్చే వాహనంగా మాత్రమే చూసిన విద్యార్థి చివరికి రేవుల్లో కూడా పెద్దగా ఏమీ చూడకుండానే తిరిగి వస్తాడని నా గట్టి అభిప్రాయం.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1926 సెప్టెంబరులో రిండాం అనే ఆవిరి నౌక న్యూయార్క్ ఎదుటి హోబోకెన్ రేవు నుంచి సుమారు 500 మంది విద్యార్థులతో భూమిని చుట్టి రావడానికి బయలుదేరి, తరువాతి సంవత్సరం మే నెలలో తిరిగి చేరింది. దీన్ని తలపెట్టినవాడు న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం బోధించిన ఒక ఆచార్యుడు. పుస్తకంలో చదవడం కన్నా కళ్లతో చూసి నేర్చుకోవడం మేలని ఆయన నమ్మకం. అయితే ఆనాటి పత్రికలు ఆ విద్యార్థుల చదువుల కన్నా ఒడ్డున వారు తాగి చేసిన అల్లరి గురించే ఎక్కువగా రాశాయి. సుమారు వందేళ్ల తరువాత కూడా ఇలాంటి కార్యక్రమాల మీద పెదవి విరిచేవారు ఎత్తిపొడిచేది ఆ సంగతే కాబట్టి, మీరు అది గుర్తు పెట్టుకోవడం మంచిది. ఇప్పుడు సెమిస్టర్ ఎట్ సీ అనే పేరుతో నడుస్తున్న కార్యక్రమానికి మూలం 1963లో బయలుదేరిన సముద్రయానం. 2016 నుంచి దానికి విద్యాపరమైన బాధ్యత కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయం వహిస్తోంది. ఇది కాక, సీ ఎడ్యుకేషన్ అసోసియేషన్ 1971లో మొదలుపెట్టిన పద్ధతి మరొకటి ఉంది. అందులో విద్యార్థులు తెరచాపల ఓడ మీద వంతులవారీగా కాపలా కాస్తారు, తాళ్లు లాగుతారు, సముద్రపు నీటిని పరీక్షిస్తారు. మీరు వెళ్లేది ప్రయాణికుల ఓడ కాబట్టి తాళ్లు లాగే పని మీకు పడదు. కానీ ఓడ ఎలా నడుస్తోందో తెలుసుకోవలసిన అవసరం లేదని మాత్రం అనుకోకండి.

ముందుగా తరగతుల సంగతి. రేవులో ఉన్నన్ని రోజులూ పాఠాలు ఉండవు. సముద్రం మీద ఉన్న రోజుల్లో మాత్రం శని, ఆదివారాలు అనే తేడా ఉండదు. సాధారణంగా సబ్జెక్టులను రెండు వంతులుగా విడదీసి, ఒక రోజు ఒక వంతు, మరునాడు రెండో వంతు చెబుతారు. అంటే ఒడ్డున పదిహేను వారాల్లో నింపాదిగా సాగే పాఠం ఇక్కడ నాలుగైదు రోజుల ముద్దలుగా వస్తుంది. ఒక రేవులో ఐదు రోజులు తిరిగి, అలసిపోయి ఓడెక్కిన మరునాటి ఉదయమే తరగతి ఉంటుంది. ఆ తరగతికి ఇచ్చిన పాఠ్యభాగం చదవలేదని చెప్పేవారు ప్రతి ప్రయాణంలోనూ కనిపిస్తారు. దీనికి నేను చెప్పగలిగిన మార్గం ఒక్కటే. రేవు చేరే ముందు రోజు సాయంత్రం, అందరూ పై డెక్కు మీద చేరి ఒడ్డున ఏం చేయాలో మాట్లాడుకునే వేళ, రేవు తరువాతి మొదటి తరగతికి కావలసినది చదివి పక్కన పెట్టేయండి. ఒడ్డుకు పుస్తకం పట్టుకెళ్లి రైల్లో చదువుతామని చెప్పినవారు చదవగా నేను చూడలేదు.

గడియారం విషయం చాలామంది ముందుగా ఊహించరు. భూగోళం మీద ప్రతి 15 డిగ్రీల రేఖాంశానికీ ఒక గంట తేడా. గంటకు 15 నాటికల్ మైళ్ల వేగంతో నడిచే ఓడ రోజుకు 360 నాటికల్ మైళ్లు పోతుంది. భూమధ్యరేఖ దగ్గర అది 6 డిగ్రీలు, కాబట్టి అక్కడ తూర్పుకో పడమరకో నేరుగా పోతుంటే రెండున్నర రోజులకొకసారి గడియారం మార్చాలి. ఉత్తరానికో దక్షిణానికో జరిగినకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కాబట్టి ఇంకా తరచుగా మార్చవలసి వస్తుంది. పడమరకు పోతే ఆ రోజుకు 25 గంటలు, అదనపు నిద్ర మీకు లాభం. తూర్పుకు పోతే 23 గంటలే. మహాసముద్రం దాటేటప్పుడు రోజు విడిచి రోజు ఒక్కొక్క గంట నిద్ర పోతూ ఉంటే, వారం తిరిగేసరికి ఉదయపు తరగతిలో సగం మంది కళ్లు తెరిచే నిద్రపోతుంటారు. అంతర్జాతీయ దినరేఖను పడమరకు దాటితే ఒక తేదీ పూర్తిగా మాయమవుతుంది, తూర్పుకు దాటితే ఒకే తేదీ రెండుసార్లు వస్తుంది. ఏదైనా పని గడువు ఆ తేదీన పడితే ఏం చేయాలో మీ అధ్యాపకులను ముందే అడగండి. గడియారం మార్పు సంగతి ప్రతి సాయంత్రం నోటీసు బోర్డులో ఉంటుంది, పడుకునే ముందు అది చూడటం అలవాటు చేసుకోండి. ఫోనును నమ్ముకోవద్దు. సముద్రం మధ్యలో అది ఏ సమయం చూపిస్తుందో దానికే తెలియదు.

ఇక సీ సిక్‌నెస్. చెవి లోపలి భాగం శరీరం కదలికను పసిగడుతుంది, క్యాబిన్ గోడలను చూస్తున్న కన్ను మాత్రం ఏదీ కదలడం లేదని చెబుతుంది. ఈ రెండు కబుర్లు కలవకపోవడం వల్లనే కడుపులో తిప్పుతుంది. ఇందులో బలహీనత అన్నది లేదు, ఏళ్ల తరబడి ఓడల్లో పనిచేసినవారికి కూడా కొన్ని సముద్రాల్లో వస్తుంది. ఓడలో అన్నిటికన్నా తక్కువ ఊగేది నడిమధ్య, కింది అంతస్తు. అన్నిటికన్నా ఎక్కువ ఊగేవి ముక్కు భాగం, పై అంతస్తులు. అందుకని దృశ్యం బాగుంటుందని ముందరి పై గది కోరుకున్నవారు మొదటి తుఫానులోనే కింద గది ఉన్న స్నేహితుడి దగ్గర చేరతారు. తలనొప్పి, ఆవులింతలు మొదలైనప్పుడే చదవడం ఆపి, డెక్కు మీదికి వెళ్లి, ఆకాశం సముద్రం కలిసే గీతను చూస్తూ నిలబడండి. కడుపు ఖాళీగా ఉంచకండి, కారం, నూనె లేని పొడి ఆహారం కొద్దికొద్దిగా తినండి. అల్లం కొందరికి పనిచేస్తుంది. మాత్రలు వాంతులు మొదలైన తరువాత వేసుకుంటే నిలవవు, ముందే వేసుకోవాలి. వాటిలో చాలా వాటికి నిద్ర వస్తుంది. చెవి వెనక అంటించుకునే స్కోపోలమైన్ పట్టీని ఓడ కదలడానికి కొన్ని గంటల ముందే పెట్టుకోవాలి, అది మూడు రోజుల వరకు పనిచేస్తుంది. దాన్ని ముట్టుకున్న చేతిని సబ్బుతో కడుక్కోకుండా కన్ను నులుముకుంటే ఆ కంటి పాప పెద్దదై అక్షరాలు మసకబారతాయి. ఒక కన్ను మాత్రమే అలా అయిన విద్యార్థి అద్దంలో చూసుకుని, తనకేదో పెద్ద జబ్బు వచ్చిందని బెదిరిపోయి వైద్యుడి దగ్గరికి పరుగెత్తడం జరిగే పనే. నీటికాసులు ఉన్నవారు ఆ పట్టీ గురించి తమ వైద్యుణ్ణి తప్పక అడగాలి. చాలామందికి రెండు మూడు రోజుల్లో శరీరం అలవాటు పడుతుంది. రేవులో నాలుగైదు రోజులు గడిపి మళ్లీ బయలుదేరినప్పుడు కొంచెం తిరగబెట్టవచ్చు, దాని గురించి కంగారు పడవద్దు.

అల్లకల్లోలమైన సముద్రంలో తరగతి ఎలా ఉంటుందో కూడా చెబుతాను. బోర్డు అంచున పెట్టిన మార్కరు పెన్ను ఒక వైపు దొర్లి, చివర ఆగి, మళ్లీ ఇటు దొర్లుతుంది. కొంతసేపటికి పాఠం చెప్పేవారితో సహా అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి. కుర్చీలు జారతాయి. అలాంటి రోజుల్లో ల్యాప్‌టాప్‌ను బల్ల మీద వదిలేసి లేవకండి. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉంచుకుని కటకటాలు పట్టుకోండి. ఒక చెయ్యి నీకు, ఒక చెయ్యి ఓడకు అని నావికులు చెప్పే మాట తరతరాలుగా ఉన్నది. ఇనుప తలుపులు దాటేటప్పుడు చట్రం మీద వేళ్లు పెట్టవద్దు. ఓడ ఒక్కసారి ఒరిగితే ఆ తలుపు దానంతటదే మూసుకుంటుంది, దాని బరువుకు వేళ్లు నలిగి వైద్యశాలకు వచ్చేవారు ఉంటారు. 2005 జనవరిలో ఇలాంటి చదువుల ఓడ ఎక్స్‌ప్లోరర్ ఉత్తర పసిఫిక్‌లో ఉండగా సుమారు 50 అడుగుల అల కొట్టి బ్రిడ్జి (ఓడను నడిపే గది) అద్దం పగిలింది, నీరు లోపలికి వచ్చి నియంత్రణ పరికరాలు దెబ్బతిని ఇంజన్లు కొంతసేపు ఆగిపోయాయి. ఓడ క్షేమంగానే హొనలూలు చేరింది. భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. సిబ్బంది డెక్కు మీదికి రావద్దని తాడు కట్టినప్పుడు, దాని కింద నుంచి దూరి ఫోటో తీసుకోవడానికి వెళ్లకూడదని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను.

ఎక్కిన మొదటి రోజే భద్రతా డ్రిల్లు జరుగుతుంది. ఏడు చిన్న కూతలు, తరువాత ఒక పొడవైన కూత వినిపిస్తే అది అత్యవసర సంకేతం. లైఫ్‌జాకెట్టుతో మీకు కేటాయించిన చోటికి చేరాలి. 1912లో టైటానిక్ మునిగిన తరువాత, 1914లో సముద్రంలో ప్రాణరక్షణ కోసం అంతర్జాతీయ ఒప్పందం పుట్టింది. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా అనే ప్రయాణికుల ఓడ ఒరిగిపోయి 32 మంది చనిపోయినప్పుడు, అదే రోజు ఎక్కినవారిలో వందల మందికి అప్పటికింకా డ్రిల్లు జరగలేదు. అందుకనే 2015 నుంచి ఓడ బయలుదేరక ముందో బయలుదేరిన వెంటనేనో డ్రిల్లు జరిపి తీరాలన్న నియమం వచ్చింది. కాబట్టి ఆ అరగంట ఫోను చూస్తూ గడపకండి. మీ క్యాబిన్ నుంచి ఆ చోటికి లిఫ్టు ఎక్కకుండా, రెండు వేర్వేరు దారుల్లో, ఒకసారి కళ్లు మూసుకుని గోడ పట్టుకుని నడిచి చూడండి. ఎవరైనా నీళ్లలో పడితే గట్టిగా అరవండి, అందుబాటులో ఉన్న లైఫ్‌బాయ్ (నీళ్లలో తేలే రక్షణ చక్రం) విసరండి. ఒక మనిషి మాత్రం పడినవారి వైపు చెయ్యి చాపి, కన్ను తిప్పకుండా నిలబడాలి. అలల మధ్య ఒక మనిషి తల ఎంత త్వరగా కనుమరుగవుతుందో చూసినవారికే తెలుస్తుంది.

మంట ఓడకు అన్నిటికన్నా పెద్ద శత్రువు. ఇస్త్రీ పెట్టెలు, నీళ్లు కాచే కాయిళ్లు, కొవ్వొత్తులు తీసుకురాకండి. సర్జ్ ప్రొటెక్టరు ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులు ఇంట్లో మేలు చేసేవే అయినా, ఓడ విద్యుత్ ఏర్పాటు వేరు కాబట్టి అక్కడ అవే మంటకు కారణం కాగలవు, చాలా ఓడల్లో వాటిని తీసేసుకుంటారు. మరుగుదొడ్డిలో కాగితం తప్ప ఏదీ వేయకండి. ఒక గదిలో చేసిన తప్పుకు ఆ వరుస అంతా బాధపడుతుంది. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఓడల్లో వేగంగా పాకి వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్ మీద శానిటైజరు అంతగా పనిచేయదు.

క్యాబిన్‌లో మీతో ఉండే మనిషి గురించి ఒక మాట. ఒడ్డున హాస్టల్లో గొడవ పడితే కాసేపు బయటికి వెళ్లి తిరిగి రావచ్చు, ఇక్కడ బయట అంటే సముద్రమే. మొదటి రెండు రోజుల్లోనే నిద్ర వేళలు, దీపం, ఫోను మాటలు, బయటి మిత్రులను గదికి పిలవడం గురించి మాట్లాడుకోండి. మూడో వారం దాకా మనసులో దాచుకున్న చిరాకు ఆ తరువాత ఏదో తడి తువ్వాలు వంకతో బయటపడుతుంది. అలాగే ఒంటరిగా ఉండటానికి ఒక చోటు చూసి పెట్టుకోండి. వెనక డెక్కులో ఒక మూల, గ్రంథాలయంలో ఒక కిటికీ చాలు. సముద్రం మీద దిగులు పడే రోజులు వస్తాయి, సాధారణంగా మొదటి ఉత్సాహం తగ్గాక. ఓడలో సలహాదారు ఉంటారు, వెళ్లి మాట్లాడటానికి సంకోచించకండి.

ఇంటర్నెట్ ఉపగ్రహాల ద్వారా వస్తుంది. ఇటీవల కొంత మెరుగుపడింది కానీ, వందల మంది ఒకేసారి వాడితే నత్తనడకే. పాఠ్యభాగాలన్నీ బయలుదేరక ముందే దించుకోండి. రెండు మూడు రోజులు మీ నుంచి కబురు లేకపోతే ప్రమాదమేమీ జరిగినట్టు కాదని ఇంట్లో చెప్పి రండి.

సముద్రం మీది రోజుల్లో ఏం నేర్చుకోవచ్చన్నది ఇక్కడ చెప్పాలి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ప్రతి మధ్యాహ్నం ఓడ ఉన్న అక్షాంశం, రేఖాంశం, గాలి దిశ, దాని బలం, నీటి ఉష్ణోగ్రత ఒక నోటు పుస్తకంలో రాయండి. గాలి బలానికి 1805లో రూపొందిన బోఫర్ట్ కొలమానం ఉంది. పరికరమేదీ లేకుండా అలల తీరు చూసి 0 నుంచి 12 వరకు అంకె వేయవచ్చు. నీటి మీద అక్కడక్కడ తెల్ల నురగలు కనిపిస్తే 3, అవి దట్టంగా పరుచుకుంటే 4 లేక 5. మొదటి వారం మీ అంకెకూ బ్రిడ్జి మీది పరికరం చూపేదానికీ చాలా తేడా వస్తుంది, నెల తిరిగేసరికి దగ్గర పడుతుంది. ఉత్తరార్ధగోళంలో ఉన్నంత కాలం రాత్రి ధ్రువ నక్షత్రాన్ని వెతకండి. అది క్షితిజం నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉంటే మీరు సుమారుగా అంత అక్షాంశంలో ఉన్నట్టు. చెయ్యి బాగా చాపి పట్టిన పిడికిలి దాదాపు 10 డిగ్రీలు, అంతకు మించిన సాధనం అక్కర్లేదు. ఓడ దక్షిణానికి పోతున్నకొద్దీ ఆ చుక్క రాత్రికి రాత్రి కిందికి దిగుతూ, భూమధ్యరేఖ దగ్గర మబ్బుల్లో కలిసిపోతుంది. భూమి గుండ్రంగా ఉందని చిన్నప్పుడు చదివిన మాటను సొంత పిడికిలితో కొలవడం అనే అనుభవం ఒడ్డున ఉండి చదివేవారికి అంత సులభంగా దొరకదు. ఈ నోటు పుస్తకం రాసినవారు రేవులో దిగినప్పుడు కూడా భిన్నంగా చూస్తారని గమనించాను. ఆ ఊరు అక్కడే ఎందుకు వెలిసింది, ఏ గాలి పట్టుకుని పాతకాలపు ఓడలు వచ్చాయి, ఏ కాలంలో రాలేకపోయాయి అని అడుగుతారు. వీధుల పేర్లు చెప్పే గైడుకు ఆ ప్రశ్నలు కొంచెం ఇబ్బందికరంగానే ఉంటాయి.

ఓడ సిబ్బంది గురించి. మీ గది శుభ్రం చేసేవారు, వడ్డించేవారు నెలల తరబడి ఇంటికి దూరంగా పనిచేస్తున్నవారు. 2006 నాటి సముద్ర కార్మికుల ఒప్పందం వారికి ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, వారానికి కనీసం 77 గంటలు విశ్రాంతి ఉండాలంటుంది. దాన్ని తిరగేసి చూస్తే వారి పనిదినం ఎంత పొడవో మీకే అర్థమవుతుంది. వారిని పేరు పెట్టి పలకరించండి. కానీ విశ్రాంతి వేళల్లో మీ ప్రాజెక్టు కోసం ఇంటర్వ్యూలు అడిగి వేధించకండి. ఓడ మీది నుంచి ప్లాస్టిక్ ముక్క కూడా నీళ్లలో వేయకూడదన్నది అంతర్జాతీయ నియమం, గాలికి ఎగిరిపోయే చిప్స్ ప్యాకెట్టు కూడా అందులోకే వస్తుంది.

ఇక రేవులు. పాస్‌పోర్టు ప్రయాణం ముగిశాక కూడా కనీసం ఆరు నెలలు చెల్లేలా ఉండాలి. ఒకే దేశంలో రెండు రేవులు ఉండి, మధ్యలో ఓడ వేరే దేశానికి వెళితే, ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చిన వీసా చాలదు. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న 10 రోజుల తరువాతే ఆ ధ్రువపత్రం చెల్లుతుంది, 2016 నుంచి అది జీవితకాలం పనికొస్తుంది. మలేరియా మాత్రలను ఆ ప్రాంతం వదిలిన తరువాత కూడా, మందును బట్టి ఒకటి నుంచి నాలుగు వారాలు కొనసాగించాలి, సముద్రం మీదికి వచ్చేశాం కదా అని ఆపేసేవారే ఎక్కువ. మందులన్నీ అసలు డబ్బాల్లో, వైద్యుడి చీటీతో ఉంచండి.

ఓడ మీకోసం ఆగదు. రేవులో నిలవడానికి గంటల లెక్కన రుసుము ఉంటుంది, ఓడను రేవు నుంచి బయటికి తీసుకువెళ్లే పైలట్‌ను (దారి చూపే స్థానిక నావికుణ్ణి) ముందే నిర్ణయించుకుంటారు, కొన్ని రేవుల్లో ఆటుపోట్ల వేళ కూడా చూసుకోవాలి. అందుకే ఓడ కదిలే సమయానికి కనీసం రెండు గంటల ముందు గడువు పెడతారు. దానికి ఆలస్యమైతే చాలా కార్యక్రమాల్లో తరువాతి రేవులో మీరు దిగే సమయం కోస్తారు. ఓడ వెళ్లిపోతే సొంత ఖర్చుతో, కొత్త వీసా సంపాదించుకుని, తరువాతి రేవు చేరవలసి ఉంటుంది. చివరి రోజు దూర ప్రయాణం పెట్టుకోకండి, ఆ రోజు రేవు ఉన్న ఊళ్లోనే కాలినడకన తిరగండి. రేవులో ఓడ పనులు చూసే ఏజెంటు ఫోను నంబరును కాగితం మీద రాసుకుని జేబులో ఉంచండి. సాయంత్రం ఒంటరిగా తిరగకండి, తాగిన మిత్రుణ్ణి దారిలో వదిలి రాకండి.

చివరి వారం పరీక్షలు, సామాను సర్దడం, వీడ్కోళ్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఓడ దిగిన రోజు సాయంత్రానికే విమానం టిక్కెట్టు కొనకండి. వాతావరణం వల్ల ఓడ ఆలస్యం కావచ్చు, కస్టమ్స్ వరుసలు నత్తల్లా కదలవచ్చు. పైగా నేల మీద కాలు పెట్టిన తరువాత కూడా ఒకటి రెండు రోజులు నేలే ఊగుతున్నట్టు అనిపిస్తుంది. ముఖ్యంగా స్నానాల గదిలో కళ్లు మూసుకున్నప్పుడు గోడ పట్టుకోండి. ఈ ఊగడం వారాల తరబడి తగ్గకపోతే వైద్యుడికి చూపించుకోవాలి, తగ్గితే మాత్రం దాని కోసం మాత్రలేవీ వేసుకోనక్కర్లేదు.